చిన్న ఆన్‌లైన్ వ్యాపారానికి లెక్కల సాఫ్ట్‌వేర్ ఎంపిక: చిట్టా, ఆవర్జాల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

చేనేత చీరలు, పుస్తకాలు, పచ్చళ్ళు వంటి వస్తువులను ఇంటర్నెట్ ద్వారా అమ్మే చిన్న వ్యాపారులకు బిల్లులు రాయడానికీ, లెక్కలు నిర్వహించడానికీ అనేక సాఫ్ట్‌వేర్లు అందుబాటులో ఉన్నాయి. వాటిని ధరను బట్టో, ప్రకటనలను బట్టో ఎంచుకోవడం పరిపాటి. అమ్మకం, కోత, రాబడి అనే మూడింటినీ వేర్వేరు పద్దులుగా చూపగలగడం, లెక్కలను యజమాని ఎప్పుడైనా బయటికి తీసుకోగలగడం అనే రెండు గుణాలే ఎంపికకు ప్రధాన ప్రమాణాలు కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు తెలుగు వాణిజ్యశాస్త్ర పరిభాషను, జీఎస్టీ నిబంధనలను, ఒక ఊహాత్మక చేనేత వ్యాపారపు లెక్కలను ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: చిట్టా, ఆవర్జా, అంకణా, ఇన్వాయిస్, జీఎస్టీ, ఆన్‌లైన్ వ్యాపారం, చేనేత.

1. ఉపోద్ఘాతం

అంగడిలో కూర్చుని అమ్మే వ్యాపారికి అమ్మకమూ, డబ్బు చేతికి రావడమూ చాలావరకు ఒకేచోట జరుగుతాయి. సరుకు గిరాకీదారు చేతికి వెళ్తుంది, సొమ్ము గల్లాపెట్టెలో పడుతుంది. ఆన్‌లైన్ వ్యాపారంలో ఈ రెండింటి మధ్య దూరం పెరిగింది. సరుకు ఒకరోజు బయలుదేరుతుంది. సొమ్ము మరికొన్ని రోజుల తర్వాత, అదీ అమ్మకపు వేదిక తన రుసుములను మినహాయించుకున్నాక వస్తుంది. ఈలోగా కొన్ని వస్తువులు తిరిగి రావచ్చు. కాబట్టి బ్యాంకు పుస్తకాన్ని చూసి వ్యాపారపు స్థితిని అంచనా వేయడం సాధ్యం కాదు.

భారతదేశంలో 2017 జులై 1న వస్తు సేవల పన్ను అమల్లోకి వచ్చిన తర్వాత ఈ దూరానికి చట్టపరమైన ప్రాధాన్యం కూడా ఏర్పడింది. ప్రతి బిల్లూ పన్ను రిటర్నులో ప్రతిఫలిస్తుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్ ఎంపిక సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, లాభనష్టాలకు సంబంధించినది కూడా. మంగళగిరిలో చేనేత చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న సంస్థను ఊహాత్మక ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం ఆ విషయాన్ని పరిశీలిస్తుంది.

2. పాత పరిభాష, కొత్త సాధనం

తెలుగు మాధ్యమంలో వాణిజ్యశాస్త్రం చదివినవారికి చిట్టా, ఆవర్జా, అంకణా అనే మాటలు పరిచితమే. వ్యవహారాలను జరిగిన క్రమంలో నమోదు చేసేది చిట్టా. అవే పద్దులను ఖాతాలవారీగా విడదీసి చూపేది ఆవర్జా. ఆవర్జాలోని నిల్వలను ఒకచోట చేర్చి, రెండువైపుల మొత్తాలు సరిపోయాయో లేదో చూసే పట్టిక అంకణా. లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ దీని ఆధారంగానే తయారవుతాయి.

లెక్కల సాఫ్ట్‌వేర్ ఏదైనా దాని లోపలి నిర్మాణం ఇదే. తెరపై కనిపించే బిల్లు చిట్టాలోని ఒక పద్దుకు రూపం. దాన్ని భద్రపరచిన క్షణంలోనే ఆవర్జాలో సంబంధిత ఖాతాలు మారతాయి. చేతితో రాసే రోజుల్లో గుమాస్తా రాత్రి కూర్చుని చేసిన పనిని యంత్రం వెంటనే చేస్తుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అంకణా సరిపోవడం లెక్కలు సరైనవనడానికి సంపూర్ణ నిదర్శనం కాదని వాణిజ్యశాస్త్రం మొదటి పాఠాలలోనే చెబుతుంది. ఒక వ్యవహారాన్ని పూర్తిగా విడిచిపెట్టినా, తప్పు మొత్తాన్ని రెండువైపులా రాసినా అంకణా సరిపోతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కూ ఈ పరిమితి వర్తిస్తుంది. ఆన్‌లైన్ వ్యాపారులు చేసే అతి సాధారణమైన పొరపాటు ఈ కోవకే చెందుతుంది.

3. బ్యాంకులో పడిన సొమ్ము అమ్మకం కాదు

పై ఊహాత్మక సంస్థ ఒక అమ్మకపు వేదిక ద్వారా ఒక చీరను పన్నుతో కలిపి 4,200 రూపాయలకు అమ్మిందనుకుందాం. ఇందులో చీర విలువ 4,000, దానిపై 5 శాతం జీఎస్టీ 200. వేదిక తన కమీషన్‌గా 420, రవాణా రుసుముగా 100 రూపాయలు తీసుకుంటుందని, వాటిపై 18 శాతం జీఎస్టీ 93.60 రూపాయలు వసూలు చేస్తుందని భావిద్దాం. ఇవికాక, వేదికలు అమ్మకందారుల నుంచి జీఎస్టీ కింద టీసీఎస్ వసూలు చేయాలి. 2024 జులై 10 నుంచి దీని రేటు 0.5 శాతం. 4,000 రూపాయలపై అది 20 రూపాయలు అవుతుంది. ఆదాయపు పన్నుకు సంబంధించిన కోతను ఈ ఉదాహరణలో చేర్చలేదు.

ఈ కోతలన్నీ పోగా బ్యాంకులో జమ అయ్యేది 3,566.40 రూపాయలు. వ్యాపారి ఈ మొత్తాన్నే అమ్మకంగా నమోదు చేస్తే సాఫ్ట్‌వేర్ ఏ తప్పూ చూపదు. బ్యాంకు ఖాతా డెబిట్ అవుతుంది, అమ్మకాల ఖాతా క్రెడిట్ అవుతుంది, అంకణా సరిపోతుంది. కానీ ఆ లెక్కలో మూడు నష్టాలు దాగి ఉన్నాయి.

మొదటిది, కమీషన్, రవాణాలపై చెల్లించిన 93.60 రూపాయలు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా పొందవలసిన సొమ్ము. అది పుస్తకాలలో కనిపించకుండా పోతుంది. రెండోది, 20 రూపాయల టీసీఎస్ వ్యాపారి తరఫున ప్రభుత్వానికి చేరిన సొమ్ము. జీఎస్టీ పోర్టల్‌లో దాన్ని అంగీకరిస్తేనే ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లో జమ అవుతుంది. పుస్తకాలలో పద్దు లేని సొమ్మును అడగాలన్న స్పృహ కూడా ఉండదు. ఒక్క చీరకు 113.60 రూపాయలంటే చిన్న మొత్తంగా తోచవచ్చు. 100 చీరలకు అది 11,360 రూపాయలు. మూడోది, అమ్మకాల విలువ తక్కువగా నమోదవుతుంది. వేదిక తన రిటర్నులో చూపిన విలువకూ, అమ్మకందారు చూపిన విలువకూ పొంతన కుదరదు. దాని పర్యవసానం పన్ను శాఖ నుంచి వచ్చే నోటీసు కావచ్చు.

సరైన నమోదులో రెండు అంచెలు ఉంటాయి. చీర అమ్మినప్పుడు వేదిక ఖాతాకు 4,200 డెబిట్, అమ్మకాలకు 4,000, చెల్లించవలసిన పన్నుకు 200 క్రెడిట్. సొమ్ము వచ్చినప్పుడు బ్యాంకుకు 3,566.40, కమీషన్‌కు 420, రవాణాకు 100, ఇన్‌పుట్ పన్నుకు 93.60, టీసీఎస్‌కు 20 డెబిట్, వేదిక ఖాతాకు 4,200 క్రెడిట్. ఇలా రాస్తే వేదిక ఖాతాలో మిగిలే నిల్వ ఇంకా రావలసిన సొమ్మును స్పష్టంగా చూపుతుంది. పాత వర్తకులు బాకీల పుస్తకం చూసుకున్నట్లే, ఆన్‌లైన్ వ్యాపారి ఈ ఖాతాను చూసుకోవాలి. వేదిక పంపే చెల్లింపుల నివేదికను ఈ విధంగా విడగొట్టి నమోదు చేయడానికి వీలులేని సాఫ్ట్‌వేర్, ఇతర సౌకర్యాలు ఎన్ని ఉన్నా, ఇటువంటి వ్యాపారానికి తగదు.

4. నమోదు పరిమితి – రెండు రాష్ట్రాల తేడా

జీఎస్టీ నమోదు లేని అతిచిన్న అమ్మకందారులకు కూడా ఈ విషయం ముఖ్యమే. కేవలం వస్తువులను అమ్మేవారికి వార్షిక టర్నోవర్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలు కాగా, తెలంగాణలో 20 లక్షలు. పరిమితికి లోబడిన అమ్మకందారులు నమోదు లేకుండానే, కొన్ని షరతులతో, తమ రాష్ట్రం లోపల మాత్రమే వేదికల ద్వారా వస్తువులు అమ్ముకునే వెసులుబాటు 2023 అక్టోబరు 1 నుంచి లభించింది.

పోచంపల్లిలో నమోదు లేని ఒక అమ్మకందారు 4,000 రూపాయల చీరలు 500 అమ్మారనుకుందాం. ప్రతి చీరకు కమీషన్ 400, రవాణా 100, వాటిపై జీఎస్టీ 90 పోగా చేతికి వచ్చేది 3,410. ఏడాదిలో బ్యాంకుకు చేరిన మొత్తం 17,05,000 రూపాయలు. ఇంకా మూడు లక్షల వెసులుబాటు ఉందని ఆ వ్యక్తి అనుకుంటారు. నిజానికి అమ్మకాల విలువ సరిగ్గా 20 లక్షలకు చేరింది. తర్వాతి చీరతోనే పరిమితి దాటుతుంది. చట్టం చూసేది చేతికి వచ్చిన సొమ్మును కాదు, అమ్మిన విలువను.

5. బిల్లు – చట్టపరమైన పత్రం

బిల్లు అందంగా ఉండటం వేరు, చెల్లడం వేరు. జీఎస్టీ నియమాలలోని 46వ నియమం ట్యాక్స్ ఇన్వాయిస్‌లో ఉండవలసిన అంశాలను పేర్కొంటుంది. వరుస సంఖ్య 16 అక్షరాలకు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు. ఒకటికంటే ఎక్కువ వరుసలు వాడుకోవచ్చు. ఈ చివరి వెసులుబాటు ఆన్‌లైన్ వ్యాపారికి చాలా అవసరం. వేదికలు అమ్మకందారు పేరుతో తమ వరుసలో బిల్లులు తయారు చేస్తుంటాయి. సొంత వెబ్‌సైటు, వాట్సాప్ ద్వారా జరిగే అమ్మకాలకు వేరే వరుస ఉంటుంది. రెండు వరుసలనూ కలగాపులగం కాకుండా నిర్వహించే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి.

సరుకు చేరే రాష్ట్రాన్ని బట్టి పన్ను స్వరూపం మారుతుంది. మంగళగిరి నుంచి విజయవాడకు వెళ్ళిన చీరపై 200 రూపాయల పన్ను కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలుగా చెరి 100 అవుతుంది. హైదరాబాదుకు వెళ్తే మొత్తం ఐజీఎస్టీ. ఉమ్మడి రాష్ట్రంలో ఒకే వ్యాపార ప్రాంతంగా ఉన్నచోట ఇప్పుడు బిల్లులో ఈ తేడా తప్పనిసరి. విజయవాడలో ఉన్న వ్యక్తి హైదరాబాదులోని చెల్లెలికి చీర పంపమంటే, నమోదు లేని కొనుగోలుదారు విషయంలో డెలివరీ చిరునామాను బట్టి పన్ను నిర్ణయమవుతుంది. కాబట్టి కొన్నవారి చిరునామా, సరుకు చేరే చిరునామా వేర్వేరుగా నమోదు కావాలి.

వస్తువును బట్టి కూడా బిల్లు మారుతుంది. ముద్రిత పుస్తకాలపై జీఎస్టీ లేదు. అవి మాత్రమే అమ్మేవారు ట్యాక్స్ ఇన్వాయిస్‌కు బదులు బిల్ ఆఫ్ సప్లై ఇవ్వాలి. కుట్టిన దుస్తుల రేటు ధరను బట్టి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కొక్కటి 2,500 రూపాయల వరకు ఉన్న దుస్తులపై 5 శాతం, ఆపైన 18 శాతం. చీరతోపాటు కుట్టిన కుర్తాలు కూడా అమ్మే సంస్థకు ధరను బట్టి రేటును మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కావాలి. రేట్లు మారినప్పుడు పాత బిల్లులు పాత రేటుతోనే నిలిచి ఉండాలి.

అవసరం లేనిదానికి సొమ్ము చెల్లించకపోవడం కూడా ఎంపికలో భాగమే. ఈ-ఇన్వాయిస్ నిబంధన 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటిన సంస్థలకు వర్తిస్తోంది. అదికూడా వ్యాపారుల మధ్య జరిగే అమ్మకాలకూ, ఎగుమతులకూ పరిమితం. ఆ స్థాయికి చాలా దూరంలో ఉన్న చీరల అంగడికి ఈ-ఇన్వాయిస్ ఉందన్న కారణంతో ఖరీదైన ప్యాకేజీ అవసరం లేదు. అమెరికాలోని తెలుగువారికి చీరలు పంపేవారికి మాత్రం విదేశీ ద్రవ్యంలో బిల్లు రాసే వీలు, ఎగుమతి బిల్లుపై ఉండవలసిన ప్రకటన తప్పక కావాలి.

6. వాపసులు

ఆన్‌లైన్‌లో కొన్న చీర రంగు నచ్చక తిరిగి రావడం సర్వసాధారణం. అప్పుడు పాత బిల్లును తొలగించడం సులువైన మార్గంగా కనిపిస్తుంది. అది సరైన పద్ధతి కాదు. బిల్లు తీసేస్తే వరుస సంఖ్యలో ఖాళీ ఏర్పడుతుంది, అప్పటికే రిటర్నులో చేరిన అమ్మకానికి ఆధారం పోతుంది. చట్టం చూపిన మార్గం క్రెడిట్ నోట్. అసలు బిల్లు సంఖ్యతో ముడిపెట్టి దాన్ని జారీ చేయాలి. దానివల్ల పన్ను తగ్గింపు పొందాలంటే ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోగా, లేదా వార్షిక రిటర్ను అంతకుముందే దాఖలు చేస్తే ఆ తేదీలోగా రిటర్నులో చూపాలి.

పాత వర్తకులు చిట్టాలో కొట్టివేతను అనుమానంగా చూసేవారు. తప్పు పద్దును తుడిచేయడానికి బదులు సవరణ పద్దు రాయడం లెక్కల మర్యాద. ఎవరు, ఎప్పుడు, ఏ పద్దును మార్చారో నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌నే వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు వర్తిస్తోంది. సొంత యాజమాన్య సంస్థలకు ఆ నిబంధన లేదు. అయినా ఇంటివారు, సహాయకులు కలిసి ఒకే ఫోనులో బిల్లులు రాసే చిన్న సంస్థకు ఆ సౌకర్యం మేలు చేస్తుంది.

7. తెలుగులో బిల్లు

భాషాపరంగా మూడు పరీక్షలు అవసరం. మొదటిది అక్షర స్వరూపం. తెరపై సరిగా కనిపించిన తెలుగు పీడీఎఫ్‌గా మారినప్పుడు ఒత్తులు విడిపోవడం, గుడి స్థానం తప్పడం కొన్ని సాఫ్ట్‌వేర్లలో కనిపిస్తుంది. 'కృష్ణవర్ణం', 'లక్ష్మి', 'స్త్రీ' వంటి మాటలతో ఒక నమూనా బిల్లును ముద్రించి చూస్తే విషయం తేలుతుంది. రెండోది సంఖ్యల తీరు. 1,25,000 అని లక్షల పద్ధతిలో విరామచిహ్నం పడాలి, అక్షరాలలో రాసే మొత్తం లక్ష, కోటి మాటలతో ఉండాలి.

మూడోది వర్ణక్రమం. పోచంపల్లి, పొచంపల్లి, భూదాన్ పోచంపల్లి అని మూడు విధాలుగా టైపు చేస్తే యంత్రం వాటిని మూడు వేర్వేరు వస్తువులుగా లెక్కిస్తుంది. నిల్వ సరుకు లెక్క తప్పుతుంది. అందువల్ల ప్రతి వస్తువుకూ ఒక సంకేత సంఖ్యను నిర్ణయించి, పేరును దానికి అనుబంధంగా ఉంచాలి. బిల్లుపై గిరాకీదారుకు తెలుగు పేరు కనిపిస్తుంది, లెక్కకు సంకేతం ఆధారమవుతుంది.

8. సాఫ్ట్‌వేర్ రకాలు, లెక్కల స్వాధీనం

అందుబాటులో ఉన్నవాటిని స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. వ్యాపార్ వంటివి ఫోనులో బిల్లు రాయడం, సరుకు నిల్వ, బాకీలు చూసుకోవడం కేంద్రంగా రూపొందాయి. నేర్చుకోవడం సులభం. 1986లో మొదలైన సంస్థ నుంచి వచ్చిన ట్యాలీ, అలాగే బిజీ, జోహో బుక్స్ వంటివి పూర్తిస్థాయి జంటపద్దు విధానాన్ని అందిస్తాయి. ట్యాలీ తెలిసిన గుమాస్తాలు, ఆడిటర్లు ప్రతి పట్టణంలోనూ దొరకడం దానికున్న బలం. జోహో బుక్స్ ఇంటర్నెట్ ఆధారితం కావడంతో యజమాని, ఆడిటర్ వేర్వేరు ఊళ్ళ నుంచి ఒకే పుస్తకాన్ని చూడవచ్చు. మూడో తరగతి గ్నూక్యాష్, ఈఆర్‌పీనెక్స్ట్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. వీటికి లైసెన్సు రుసుము లేదు. గ్నూక్యాష్ జంటపద్దు విధానాన్ని పాటిస్తుంది. కానీ అది జీఎస్టీ రిటర్నుల కోసం రూపొందినది కాదు. ఈఆర్‌పీనెక్స్ట్‌ను నడపడానికి సాంకేతిక సహాయం కావాలి.

ఏ తరగతిని ఎంచుకున్నా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ సాఫ్ట్‌వేర్ రేపు లేకపోతే లెక్కలు ఎక్కడుంటాయి? జీఎస్టీ చట్టం ప్రకారం ఒక సంవత్సరపు లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలపాటు భద్రపరచాలి. సాఫ్ట్‌వేర్ చందా మాత్రం ఏడాదికే ముగియవచ్చు, సంస్థ తన సేవనే ఆపేయవచ్చు. ప్రపంచవ్యాప్తంగా పేరున్న క్విక్‌బుక్స్ 2023లో భారతదేశంలో తన సేవను నిలిపివేసింది. దాన్ని వాడుతున్నవారు తమ లెక్కలను మరోచోటికి తరలించుకోవలసి వచ్చింది. ట్రంకుపెట్టెలోని ఆవర్జాకు ఈ బెడద లేదు. అది చెదలు పట్టనంత కాలం యజమానిదే.

కాబట్టి బిల్లుల జాబితా ఒక్కటే కాక ఆవర్జా, అంకణా, సరుకు నిల్వ, గిరాకీదారుల వివరాలు అన్నీ ఎక్సెల్ లేదా సీఎస్‌వీ రూపంలో బయటికి వస్తాయో లేదో కొనకముందే పరీక్షించాలి. చందా ముగిశాక పాత లెక్కలు కనీసం చూడటానికైనా వీలుంటుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

9. ఎంపిక క్రమం

సాఫ్ట్‌వేర్‌ను చూడకముందే వ్యాపారాన్ని కాగితంపై రాసుకోవడం మొదటి పని. సరుకు ఎక్కడ కొంటారు, ఎన్ని మార్గాల్లో అమ్ముతారు, సొమ్ము ఏ దారిలో వస్తుంది, వాపసులు ఎలా జరుగుతాయి అన్న నాలుగు విషయాలు అందులో ఉండాలి.

తర్వాత ఆ వ్యాపారంలో నిజంగా జరిగిన పది వ్యవహారాలను ఎంచుకోవాలి. సొంత రాష్ట్రంలో ఒక అమ్మకం, పక్క రాష్ట్రానికి ఒకటి, వేదిక ద్వారా ఒకటి, వాపసు వచ్చినది ఒకటి, కొన్నవారి చిరునామా, చేర్చవలసిన చిరునామా వేరైనది ఒకటి, నేతగాని వద్ద కొనుగోలు ఒకటి, ఇలా. ఉచిత ప్రయోగ కాలంలో ఈ పదింటినీ నమోదు చేయాలి. వేదిక చెల్లింపుల నివేదికతో, బ్యాంకు పుస్తకంతో పోల్చాలి. జీఎస్టీఆర్-1 కోసం సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫైలును, ప్రత్యేకించి వేదికల ద్వారా జరిగిన అమ్మకాలను చూపే 14వ పట్టికను ఆడిటర్‌కు చూపించాలి. లెక్కలు చివరికి చేరేది ఆయన చేతికే కనుక ఆయన అభిప్రాయం ప్రకటనకంటే విలువైనది.

చివరగా ధర. మొదటి ఏడాది రాయితీని కాక మూడేళ్ళ ఖర్చును లెక్కించాలి. అదనపు వ్యక్తికి అనుమతి, వేదికతో అనుసంధానం, బిల్లుల సంఖ్యపై పరిమితి వంటివాటికి విడిగా రుసుము ఉంటే అదీ కలపాలి. నెలకు ఇరవై బిల్లులు మాత్రమే రాసే, ఒకే మార్గంలో అమ్మే సంస్థకు జాగ్రత్తగా తయారు చేసుకున్న ఎక్సెల్ పట్టిక కూడా కొంతకాలం సరిపోవచ్చు. రెండో అమ్మకపు మార్గం మొదలైన రోజే సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించవలసిన రోజు.

10. ముగింపు

చిట్టా, ఆవర్జా, అంకణా అనే మాటలు పాతబడినట్లు తోచినా, వాటి వెనుకనున్న క్రమం నేటి సాఫ్ట్‌వేర్లలోనూ చెక్కుచెదరలేదు. యంత్రం కూడికలో తప్పు చేయదు. దేన్ని అమ్మకంగా రాయాలో, దేన్ని కోతగా రాయాలో నిర్ణయించేది మాత్రం మనిషే. అమ్మిన విలువ 4,000, చేతికి వచ్చినది 3,566.40, ఈ రెండింటి మధ్యనున్న ప్రతి రూపాయికీ ఒక పద్దు ఉండాలి. ఆ పద్దులను విడివిడిగా చూపగలిగి, యజమాని కోరినప్పుడు లెక్కలన్నిటినీ అప్పగించగలిగిన సాఫ్ట్‌వేర్ ఏదైతే అదే చిన్న వ్యాపారికి తగినది. మిగిలిన హంగులన్నీ ఆ తర్వాత చూసుకోదగినవే.